శంకరాభరణం పెట్టరా అంటే...

మా మామగారు సూపర్ వీసా మీద కెనడాలోని బ్రాంప్టన్ వచ్చి నెల తిరక్కముందే మంచు పట్టుకుంది. కదిలే దారి లేక ఓ ఆదివారం మధ్యాహ్నం మనవడితో, "ఒరేయ్, టీవీలో శంకరాభరణం పెట్టరా" అన్నారు. ఇక్కడే పుట్టినవాడు వాడు. రిమోట్‌లోకి పేరు పలికాడు, ముందు కనిపించినదాన్ని నొక్కాడు. ఆయన పంచె సర్దుకుని, సోఫాలో బాసింపట్టు వేసుకుని, సోమయాజులుగారి కోసం కూర్చున్నారు. తెర మీద అమెరికా కుర్రాడొకడు బీహార్ వెళ్లి కిడ్నాపైపోయాడు. చాలాసేపు ఓపిక పట్టి, "శంకరశాస్త్రిగారు ఎప్పుడొస్తారమ్మా?" అని కూతుర్ని అడిగారు.

రారు. ఆయన 1980లోనే ఉండిపోయారు. ఇది 2015ది.

ఇలా పాత సినిమా పేరు కొత్తదానికి పెట్టుకోవడాన్ని సినిమావాళ్లు 'నివాళి' అంటారు. నివాళి అంటే మనం ఏదో ఒకటి సమర్పించుకోవాలి కదా! ఇక్కడ సమర్పించుకుంటున్నది పోయినవాళ్లు. కొత్త పేరు జనం నోట నానాలంటే బోలెడు ఖర్చు. పాతదైతే మన అమ్మానాన్నలు ఎప్పుడో నానబెట్టి ఉంచారు, రుబ్బుకోవడమే తరువాయి.

పాత శంకరాభరణం తీసిన విశ్వనాథ్‌గారు మాత్రం రాగం పేరు ఎత్తుకోలేదా అంటారు. ఎత్తుకున్నారు. ఎత్తుకుని, సరిగమలు తెలియనివాడి చేత కూడా ఆ పేరు పలికించారు. అప్పు వడ్డీతో తీర్చడమంటే అదీ.

1957 నాటి 'మాయాబజార్'ని అయితే పాటలతో సహా పంచేసుకున్నారు. జంధ్యాల ఒక్కరే 1987లో 'అహ నా పెళ్ళంట', మరుసటేడు 'చూపులు కలసిన శుభవేళ', 'వివాహ భోజనంబు' పట్టుకెళ్లారు. (నవ్వించారు కాబట్టి క్షమించేశాను.) 2002లో 'లాహిరి లాహిరి లాహిరిలో' వెళ్లింది. 2006లో అసలు పేరే పోయింది. 2011లో మళ్లీ పెళ్లి, 2021లో మళ్లీ భోజనం. ఘటోత్కచుడు కూడా ఒక విందు ఒక్కసారే తిన్నాడు.

మనిళ్లలో మనవడికి తాత పేరు పెట్టడం ఉన్నదే. కానీ మామగారి పేరు పెట్టి పిల్లాణ్ణి తిట్టలేక కోడలు వాణ్ణి చిన్నా, బుజ్జీ అని పిలుచుకునేది. ఆ పాటి మొహమాటం నిర్మాతకు ఉండదు.

కెనడావాళ్లేం తక్కువ తినలేదు. టొరంటో డేవిడ్ క్రోనెన్‌బర్గ్ 1996లో 'క్రాష్' తీశాడు. కారు ప్రమాదాలు చూసి కామోద్రేకం పొందేవాళ్ల కథ. బల్లార్డ్ నవల పేరే అది. తర్వాత ఒంటారియోలోని లండన్‌వాడు పాల్ హ్యాగిస్, లాస్ ఏంజెలెస్ జాతి విద్వేషాల మీద తీసిన సినిమాకీ అదే పేరు పెట్టి, 2004లో టొరంటో ఉత్సవంలోనే చూపించి, 2006లో ఉత్తమ చిత్రం ఆస్కార్ కొట్టాడు. ఒకటనుకుని ఇంకొకటి పిల్లాపాపలతో పెట్టుకున్న ఇంటి సంగతి ఊహించుకోండి.

పేరుకు కాపీరైట్ లేదు, నిజమే. అయినా మనవాళ్లు కొట్టుకుంటూనే ఉంటారు, కాకపోతే తీసుకున్నవాళ్లలో వాళ్లు. 1991 నాటి చిరంజీవి 'గ్యాంగ్ లీడర్' కోసం తగువొచ్చి 2019లో అది 'నానీస్ గ్యాంగ్ లీడర్' అయింది.

మొన్న మామగారు దేవదాసు అడిగారు. ఈసారి మనవడు జాగ్రత్తపడ్డాడు. "ఏ దేవదాసు తాతా? 1953దా, 1974దా, 2006దా?"

"అక్కినేనిదిరా."

వాడు 2018 నాటి 'దేవదాస్' పెట్టాడు. వాణ్ణేమీ అనలేం. నాగార్జునగారూ అక్కినేనే.