రుఫియా మాస్టారు

గల్ఫు వెళ్లొచ్చినవాణ్ణి ఊరు అత్తరు వాసనతో పోల్చుకుంటుంది. అమెరికా వెళ్లినవాణ్ణి ఫొటోల్లో చూసుకుంటుంది. ఈ ఇద్దరి లెక్కలోకీ రాని జాతి ఇంకొకటుంది. మాల్దీవుల్లో ఇంగ్లీషు చెప్పే మాస్టారు.

ఈయన ఒంగోలు చుట్టుపక్కల ఏ ప్రైవేటు స్కూల్లోనో చాలాకాలం గ్రామరు చెప్పి, వేసవి సెలవుల జీతం ఎగ్గొట్టే యాజమాన్యానికి ఓ దణ్ణం పెట్టి విమానమెక్కిన మనిషి. అక్కడి బళ్లు ఇంగ్లీషు మీడియం. పెద్ద తరగతుల పిల్లలు కేంబ్రిడ్జి వాళ్ల పరీక్షలు రాస్తారు. అందుకని మన ఎం.ఏ., బీఈడీకి గిరాకీ ఉంది. "రెండేళ్లు కళ్లు మూసుకుంటే అప్పు తీరిపోతుంది, వచ్చేస్తా" అని వెళ్తాడు. ఆ కళ్లు ఇంతవరకూ తెరవలేదు.

పన్నెండు వందల దాకా దీవులున్న దేశంలో మనుషులు కాపురముండేవి రెండొందల లోపే. మాస్టారికి మాత్రం ఎప్పుడూ వాటిలో ఆ కొసనున్నదే పడుతుంది. ఈ చివర నిలబడి తుమ్మితే ఆ చివరివాళ్లు "చిరంజీవ" అనగలిగినంత ఊరు. నాలుగు కొట్లు, ఓ బడి, ఓ మసీదు, పడవల రేవు. సినిమాహాలు లేదు, బంగారం షాపు లేదు, బిర్యానీ సెంటరు లేదు. మందు సంగతి సరేసరి, రిసార్టుల్లో తప్ప చట్టమే ఒప్పుకోదు. ఇలాంటి చోట జీతంలో ముప్పాతిక వంతు మిగలడానికి తపస్సేమీ అక్కర్లేదు. ఊరికే ఉంటే చాలు. కానీ మాస్టారు ఒప్పుకోడు. "మనసుని అదుపులో పెట్టుకోవాలి సార్! నాకు సినిమాల పిచ్చి లేదు, హోటలు తిండి అలవాటు లేదు" అంటాడు.

లెక్కల మాస్టారు కూడా ఈయన ముందు దిగదుడుపే. రుఫియా అంటే మన అయిదు రూపాయల పైచిలుకు. కొట్లో టమాటాలు చూడగానే పెదవులు కదులుతాయి, వేళ్లు ముడుచుకుంటాయి, చెయ్యి వెనక్కొస్తుంది. పడవ రావడం ఆలస్యమై కూరగాయల ధర పెరిగిందంటే ఆ వారం ఆయనకి కూరగాయలు పడవు, అరగవు. బియ్యం, పిండి, పంచదార ప్రభుత్వ సబ్సిడీ మీద చౌకగా దొరుకుతాయి కనక వాటి మీద మాత్రం గొప్ప ప్రీతి.

రూపాయి పడిపోయిందన్న వార్త వస్తే ఆయనలో ఇద్దరు మనుషులు లేస్తారు. దేశభక్తుడు "అయ్యో!" అంటాడు. ఎన్నారీ ఖాతాదారుడు లోపల లడ్డూ తింటాడు. రుఫియాని డాలరుకి కట్టేశారు. 2011 నుంచీ బ్యాంకు రేటు 15.42 దగ్గర నిలబడి ఉంది. కాబట్టి డాలరు ముందు రూపాయి ఎంత పడితే మాస్టారు అంత లేస్తాడు. చిక్కల్లా ఆ రేటుకి డాలర్లు దొరక్కపోవడమే. బయట కొనాలంటే రేటు వేరు. అందుకే స్టాఫ్ రూములో ఎవరైనా "గుడ్ మార్నింగ్" అంటే "ఇవాళ బయట ఎంతుంది?" అని బదులిస్తాడు.

సాయంత్రం శిష్యుడి తండ్రి ధోనీ పడవ దిగుతూ ఒక ట్యూనా చేపని చేతిలో పెడతాడు. అసలు కథ అప్పుడు మొదలవుతుంది. ఊరి నుంచి తెచ్చిన చింతపండు డబ్బా బీరువాలో పాస్‌పోర్టు పక్కన ఉంటుంది. గదిలో ఉండే మలయాళీ సారు, తమిళ సారు అటు తిరగ్గానే తాళం తీసి, ఉసిరికాయంత ఉండ తీసి, మళ్లీ తాళం వేస్తాడు. పులుసు మరిగాక పిప్పిని పారేయడు. గిన్నెలో వేసి నీళ్లు పోసి మూత పెడతాడు, రేపటి చారుకి. అప్పుడే ఫోను మోగుతుంది.

"ఏమండీ, తిన్నారా? ఏం కూర?"

"చేప."

"మళ్లీనా?"

"ఊరికే వచ్చిందే, పారేసుకుంటామా?"

ఎదుటి దీవి రిసార్టులో తెల్లవాళ్లు ఒక్క రాత్రికి వందలు, వేలు డాలర్లు పోసి ఇదే సముద్రాన్ని చూస్తుంటారు. మాస్టారు రోజూ ఉచితంగా చూసి, ఆ డబ్బు కూడా మిగిలినట్టే జమ వేసుకుంటాడు. గడియారం సైతం ఆయన పక్షమే. అక్కడి టైము మనకన్నా అరగంట వెనక. "మీకన్నా అరగంట మిగిల్చాను" అని భార్యతో అంటాడు.

ఇంత మిగిల్చి ఏం చేశాడంటే, 2014లో రాష్ట్రం విడిపోయి రాజధాని దొనకొండకే వస్తుందని ఊరంతా ఊగిపోతున్నప్పుడు అక్కడ స్థలం కొన్నాడు. రాజధాని కృష్ణ ఒడ్డుకి పోయింది. స్థలంలో తుమ్మచెట్లు పెరిగాయి. ఆ బాధ పాఠంలోకి దిగింది. థర్డ్ కండిషనల్ చెప్పాల్సి వస్తే బోర్డు మీద రాస్తాడు: "ఇఫ్ ద క్యాపిటల్ హాడ్ కమ్ టు దొనకొండ, ఐ వుడ్ హావ్ రిటైర్డ్." దొనకొండ ఏ దేశమో తెలియని పిల్లలు దాన్ని తప్పు పోకుండా పరీక్షలో దింపుతారు. మార్కులు కూడా పడతాయి, ఎందుకంటే వాక్యంలో దోషం లేదు, రాజధానిలోనే ఉంది.

సెలవులకి బయల్దేరేటప్పుడు కూడా పొదుపే. మాలే నుంచి త్రివేండ్రం దాకా విమానం, అక్కణ్ణుంచి శబరి ఎక్స్‌ప్రెస్, స్లీపరు. ఒంగోలులో కాలు పెట్టిన మరుక్షణం ఆ నిగ్రహానికి పుట్టిల్లు గుర్తొస్తుంది. "ఫారిన్ మాస్టారొచ్చారు" అన్నారంటే చాలు, హోటల్లో పదిమంది బిల్లు ఆయనదే. గుడికి గంట, మేనకోడలికి గొలుసు, వీధికుక్కకి బిస్కెట్లు. పదకొండు నెలలు టమాటా దగ్గర గెలిచిన మనిషి, నెల తిరక్కుండా చీరల కొట్లో ఓడిపోతాడు.

చివరి వారంలో బావమరిది వస్తాడు. బోర్లు ఎండిపోయాయి, అయిదు లక్షలు సర్దాలంటాడు. మాస్టారు కాసేపు రూఫు చూసి, భార్య మొహం చూసి, చెక్కు రాసిస్తాడు. అది తిరిగి రాదని ఆయనకీ తెలుసు, బావమరిదికీ తెలుసు. అంతవరకూ బాగానే ఉంటుంది. చెక్కు జేబులో పెట్టుకుంటూ బావమరిది ఊరుకోక, "మీకేంలే బావా, అక్కడ ఖర్చు పెడదామన్నా ఏముంది గనక!" అంటాడు.

అయిదు లక్షల సంగతి మాస్టారు త్రివేండ్రం చేరేలోపే మర్చిపోతాడు. ఆ మాటని మాత్రం కాంట్రాక్టు ముగిసేదాకా క్షమించడు.