నాయన ముందర నోరు విప్పని విప్లవం

ఇప్పటి ఇళ్లల్లో కొట్లాటే లేదు. కొడుకు ఫోనులో ఎర్రజెండా బొమ్మ పెట్టుకుంటాడు, నాయన టీవీలో మునిగుంటాడు. ఒకరి మాట ఒకరికి పట్టదు. దీన్ని చూసి జనం ఎంత పొందికైన కుటుంబమో అంటావుంటే నాకు కడుపు మండుతుంది.

మా కాలం ఇట్లా కాదు. 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చినాక మా చిత్తూరు పల్లెల సేద్యగాళ్ల బిడ్డలకు పెద్ద చదువు దగ్గరైంది. మమ్మల్ని ఉద్యోగం కోసం పంపినారు. మేం పోయేసరికి హాస్టళ్లలో శ్రీకాకుళం గిరిజన పోరాటం మాటలే. విప్లవ రచయితల సంఘం, అదే విరసం, 1970లోనే పుట్టింది. తిరుపతిలోనే పాఠాలు చెప్పే త్రిపురనేని మధుసూదనరావు మాట్లాడతారంటే చెవులు రిక్కించుకుని వినేవాళ్లం. 1978 వేసవిలో రాడికల్ విద్యార్థులు గ్రామాలకు తరలండని పిలుపిచ్చినారు. మేం తరలిన మొదటి గ్రామం మా సొంత ఊరే, మొదటి తగువు మా నాయనతోనే.

ఆ ఏడు పెరటాసి నెలలో, వెంకన్నకు మొక్కే శనివారం. నాయన నిలువు నామం పెట్టుకుని సంగటి ముందర కూచున్నాడు. నేను నామం పెట్టుకోనన్నా. దానికి ఆయన గొణిగి ఊరుకున్నాడు. మన మడి దున్నే మనిషికి చూరులో వేరే గ్లాసు ఎందుకు దోపినారని అడిగినాక మాత్రం ముద్ద కంచంలో వదిలేసి లేచినాడు. "నీ ఫీజు ఆ మడిలోనే పండిందిరా!" అన్నాడు. "పండించింది ఆ మనిషే కదా నాయనా!" అన్నా. అమ్మ ఊరిబిండి గిన్నె పట్టుకుని అట్లే నిలబడిపోయింది. దీపం ఆర్పేదాకా అరుచుకున్నాం. తెల్లారినాక మళ్లీ మొదలు. కొన్నేండ్లకు ఆ గ్లాసు చూరులోంచి దిగింది. ఊరికే దిగలేదు.

పోలీసులు నాకోసం వస్తే వాకిట్లో అడ్డం నిలబడింది కూడా ఆ నాయనే. అందరి కథా ఇట్లా తేలలేదులే. అడివికి పోయి తిరిగిరాని బిడ్డలున్నారు. వాళ్ల తల్లుల ముందర నేనీ గొప్పలు చెప్పుకోలేను.

కట్నం కూడదని చట్టం 1961లోనే వచ్చింది. మా జతగాళ్లు కొందరు నాయనలను ఎదిరించి, పైసా ముట్టకుండా దండలు మార్చుకున్నారు. మరి ఇప్పుడు? కులం నాశనం కావాలని రోజూ పోస్టులు రాసే పిల్లోడు, సొంత కులం మ్యాట్రిమోనీలో ఫోటో పెట్టిస్తాడు. కట్నం సంగతేమిరా అంటే "అది అమ్మానాయనల ఇష్టం తాతా" అంటాడు. ముక్కూముఖం తెలియనోళ్లను ఫోనులో రాత్రంతా తిట్టే నోరు, ఇంట్లో ఎందుకు పెగలదు? పెద్దోళ్లదీ తప్పే. లక్షలు పోసి బెంగుళూరు పంపుతారు, బిడ్డ దేన్ని నమ్ముతున్నాడో ఒక్కపూటన్నా అడగరు. అడిగితే తెగిపోతాడని భయం. మా నాయనకు ఆ భయం లేదు, అందుకే నేను తెగిపోలేదు.

ఒరే అబ్బోడా, రేపు నీ పెండ్లి మాటల్లో కట్నం లెక్క మొదలైనప్పుడు, పెద్దమనుషులు కూచున్న ఆ చాప మీదే వద్దని చెప్పు. మీ నాయన అరుస్తాడు, అరవనీ. అలిగి గదిలోకి పోవద్దు, ఎదురుగా కూచుని జవాబు చెప్పు.