రెండొందలా, నాలుగా, సున్నాయా?

అమలాపురంలో ఒక నెట్ సెంటర్‌లో గుమ్మం పక్క బల్ల నాది. నన్ను అందరూ ‘సిస్టమ్’ అంటారు. విండోస్ 7తో వచ్చాను, తర్వాత 10 ఎక్కించారు. ఎంసెట్ ర్యాంకులు, కువైట్ వెళ్ళేవాళ్ళ పాస్‌పోర్టు దరఖాస్తులు, అంబాజీపేట కొబ్బరి ధరలు అన్నీ నా మీదుగానే నడిచాయి. ఎంతమంది ఆధార్ నంబర్లు, ఎంతమంది పాస్‌వర్డులు నా కీబోర్డు మీద పడ్డాయో తలుచుకుంటే భయమేస్తుంది. నాలోకి దూరిన నిఘా ప్రోగ్రాముల సంగతి అందుకే చెబుతున్నాను.

ఒక వేసవిలో నేను మరీ నెమ్మదించాను. ఏ పేజీ తెరిచినా పక్కనుంచి ప్రకటనలు తోసుకొచ్చేవి. ఆపరేటర్ కుర్రాడు ఇలాంటి ప్రోగ్రాములను పట్టే క్లీనర్లు మూడు వరసగా నడిపాడు. మొదటిది రెండొందల పైచిలుకు చూపించింది. రెండోది నాలుగే అంది. మూడోది ఏమీ లేవని ఆకుపచ్చ టిక్కు పెట్టింది.

“ఏంటయ్యా ఇది? ఒక్క మిషన్‌కి మూడు లెక్కలా? ఏది నమ్మమంటావు?” అన్నారు పక్కన కూర్చున్న మేస్టారు.

“ఆయ్, ఎక్కువ పట్టిందే మంచిదేమోనండి మేస్టారూ.”

కాదు. మొదటిది పట్టిన వాటిలో దాదాపు అన్నీ కుకీలే. మనిషిని గుర్తుపెట్టుకోడానికి వెబ్‌సైట్లు వదిలివెళ్ళే చిన్న చిన్న చీటీలవి, వాటంతట అవి పనిచేసే ప్రోగ్రాములు కావు. రెండోది కుకీలను అసలు లెక్కలోకే తీసుకోదు. అది పట్టిన నాలుగింటిలో ఒకటి టూల్‌బార్. ఎవరో ఉచితంగా వస్తోందని వీడియో కన్వర్టర్ వేసుకుంటూ, చదవకుండా ‘నెక్స్ట్’ నొక్కుకుంటూ పోయినప్పుడు కూడా వచ్చింది. దాని ఫైళ్ళూ, రిజిస్ట్రీలో అది రాసుకున్న కీలూ విడివిడిగా లెక్కపెడితే చాంతాడంత జాబితా అవుతుంది, ఒకే పేరు కింద చేరిస్తే ఒకటే అవుతుంది. ఒకరు కొబ్బరికాయలు లెక్కపెట్టి, ఒకరు గెలలు లెక్కపెడితే అంకెలు కలుస్తాయా? పైగా మొదటి రెండూ తుడిచేశాక వచ్చిన మూడోదానికి మిగిలిందేముంది? పోల్చి చూడాలంటే ఏదీ తీసెయ్యకుండా ముందు మూడిటితోనూ చూపించుకోవాలి.

అసలు స్పైవేర్ అంటే ఏదన్న దగ్గరే పేచీ ఉంది. 2003లో గేటర్ కంపెనీ తన ప్రోగ్రామును స్పైవేర్ అన్నందుకు పీసీ పిట్‌స్టాప్ అనే వెబ్‌సైట్ మీద కోర్టుకెక్కింది. 2005 నాటికి అది క్లారియాగా పేరు మార్చుకుంది. ఆ ఏడాదే మైక్రోసాఫ్ట్ తన యాంటీస్పైవేర్‌లో ఆ కంపెనీ ప్రోగ్రాములకిచ్చే సలహాని ‘క్వారంటైన్ చెయ్యి’ నుంచి ‘వదిలెయ్యి’కి మార్చింది. జాంగో అనే కంపెనీ కాస్పర్‌స్కై మీద వేసిన దావాలో, ఏది అభ్యంతరకరమో తేల్చుకునే వెసులుబాటు ఇలాంటి సాధనాలు చేసేవాళ్ళకుందని 2009లో అమెరికా అప్పీళ్ళ కోర్టు చెప్పింది. అంటే ఎవరి గీత వాళ్ళది. పిల్లల మీద నిఘాకంటూ బాహాటంగా అమ్మే ప్రోగ్రాములున్నాయి. కాస్పర్‌స్కై అలాంటివాటిని పేరుకి ముందు ‘వైరస్ కాదు’ అని తగిలించి చూపిస్తుంది. కొన్ని సాధనాలు అసలు పట్టించుకోవు. వాటిని ఎవరు, ఎవరికి తెలియకుండా పెట్టారన్నది ఏ సాధనానికీ తెలియదు. నాకు అన్నిటికంటే కష్టంగా తోచేది అదే.

2022 మే 24న జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో గొడవలయ్యాక మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. అప్పట్లో మా సెంటర్‌కి నెట్ ఫోన్ హాట్‌స్పాట్ నుంచే. నాలోని రక్షణ సాధనం దగ్గరుండే చెడ్డ ప్రోగ్రాముల జాబితా ఆ రోజు దగ్గరే ఆగిపోయింది. జాబితాలో లేని కొత్త ఫైలు ఎదురైతే క్లౌడ్‌ని అడిగే దారీ మూసుకుపోయింది. అయినా టైపింగ్ పనులు ఆగలేదు. పింఛను దరఖాస్తులు, బ్యాంకుకి అర్జీలు వస్తూనే ఉన్నాయి. ఎవరిదో పెన్‌డ్రైవ్‌లోంచి, నొక్కిన ప్రతి కీనీ రాసుకునే కీలాగర్ ఒకటి దిగింది. నా సాధనం రోజూ ఆకుపచ్చ టిక్కే పెట్టింది.

హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచి పనిచేసే ఒకబ్బాయి నెట్ కోసం కాకినాడ వెళ్ళొస్తూ, తాజా జాబితాతో ఉన్న మరో సాధనాన్ని పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు. అది ఒక్క వరస చూపించింది. ఈసారి కుర్రాడు వెంటనే ‘రిమూవ్’ నొక్కలేదు. పేరు, అది ఉన్న ఫోల్డరు పుస్తకంలో రాసుకుని, ఆ ఫోల్డరు తెరిచాడు. లోపల ఒక టెక్స్ట్ ఫైలు ఉంది. నోట్‌ప్యాడ్‌లో వరసలు వరసలుగా ఆధార్ అంకెలు, ఖాతా నంబర్లు, మధ్యలో తప్పు కొట్టి చెరిపిన అక్షరాలతో సహా ఉన్నాయి. నెట్ లేదు గనక అవి గడప దాటలేదు. కుర్రాడి మొహం పాలిపోయింది. ప్రోగ్రామునీ ఫైలునీ తీసేసి, నన్ను ఆపి మళ్ళీ వేసి, ఫుల్ స్కాన్ పెట్టాడు. ఓనర్ అకౌంట్లోంచి ఒకసారి, కస్టమర్లు వాడే అకౌంట్లోంచి ఇంకోసారి నడిపాడు. ఒక అకౌంట్లో దాక్కున్నది రెండోదాన్నుంచి చూస్తే కనపడకపోవచ్చు.

నెట్ తిరిగొచ్చిన రోజు బయట జనం నిలబడి ఉన్నా, “ఒక్క అరగంటండి” అని ముందు జాబితాలు అప్‌డేట్ చేసుకున్నాడు. ఆ తర్వాతే నన్ను కస్టమర్లకి ఇచ్చాడు.