పుండు మీద పరిచే పోగుని నేను

నేను కైటోసాన్ పోగుని, రొయ్య పెంకు నా పుట్టిల్లు. దేశంలో రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. భీమవరం, కాకినాడ, నెల్లూరు వైపు రొయ్యలు ఒలిచే చోట్ల తలలు, పెంకులు గుట్టలుగా మిగులుతాయి. ఆ పెంకుల్ని పలచని ఆమ్లంలో నానబెడితే వాటిలోని సున్నపు అంశం కరిగిపోతుంది, క్షారంలో ఉడికిస్తే ప్రొటీన్లు పోతాయి. చివరికి మిగిలేది కైటిన్. 1811లో ఫ్రెంచి శాస్త్రవేత్త బ్రాకొనో పుట్టగొడుగుల్లో మొదట గుర్తించింది ఈ పదార్థాన్నే. దాన్ని గాఢమైన క్షారంలో మళ్ళీ మరిగిస్తే అణువుల మీదున్న ఎసిటైల్ గుంపులు ఊడిపోయి అమైన్ గుంపులు బయటపడతాయి. 1859లో రూజే చూపిన ఈ మార్పుతోనే కైటోసాన్ పుట్టింది. నన్ను పలచని ఎసిటిక్ ఆమ్లంలో కరిగించి, సన్నని రంధ్రాల గుండా క్షారపు తొట్టిలోకి నెడితే అక్కడ గడ్డకట్టి పోగునవుతాను. కడిగి, ఆరబెట్టి, చిన్న ముక్కలుగా కోసి, నేతతో పని లేకుండా సూదులతో పొడిచి కలిపితే మెత్తని పొరగా తయారవుతాను. తడిస్తే నా బలం తగ్గుతుంది కాబట్టి తరచు మరో రకం పోగును నాకు తోడు చేస్తారు.

నా గుణం చెప్పమంటే నన్ను తయారుచేసేవారు ముందుగా చూపించేది ఒక అంకె: పరీక్షశాలలో 99.9 శాతం బ్యాక్టీరియా నశించిందని. ఆ అంకె నిజమే, కానీ పుండుకు అదొక్కటే చాలదు. 10 లక్షల బ్యాక్టీరియాలో 99.9 శాతం పోయినా ఇంకా 1,000 మిగులుతాయి. అనుకూలమైన చోట 20 నిమిషాలకోసారి రెట్టింపయ్యే జాతి అయితే, ఆ వెయ్యి మళ్ళీ 10 లక్షలు కావడానికి మూడున్నర గంటలు కూడా పట్టదు. పైగా మానని పుండులో బ్యాక్టీరియా విడివిడిగా తేలుతూ ఉండవు. తామే స్రవించిన జిగురు పొరలో గుంపులుగా దాక్కుంటాయి. అందుకే నా వాదన ఇది: గాయానికి కట్టే పోగును ఎన్ని క్రిముల్ని చంపిందన్న లెక్కతో కొలవకూడదు, పుండు మానడానికి అది ఎంత చోటిచ్చిందన్న లెక్కతో కొలవాలి.

ఈ మాటకు వైద్య చరిత్రే సాక్ష్యం. 1867లో జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన కట్లతో గాయాలు కుళ్ళకుండా ఆపవచ్చని చూపించాడు, అది లోకానికి మహోపకారం. కానీ మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో సైనికుల గాయాల్ని పరిశీలించిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఆ కథలో రెండో వైపును చూశాడు. ఘాటైన క్రిమినాశకాలు గాయం సందుల్లో దాగిన క్రిముల్ని అందుకోలేకపోయాయి. శరీరం తన రక్షణకు పంపిన తెల్ల రక్తకణాల్ని మాత్రం చంపేశాయి. ఆ తర్వాత 1962లో జార్జ్ వింటర్ పందుల చర్మం మీద పైపై గాయాలు చేసి, కొన్నిటిని గాలికి వదిలి, కొన్నిటిని పలచని పాలిథీన్‌తో కప్పాడు. కప్పి తడిగా ఉంచిన గాయాల మీద కొత్త చర్మం సుమారు రెట్టింపు వేగంతో పరుచుకుంది. ఏ మందూ వేయలేదు. ఎండి పక్కు కట్టిన గాయంలో కొత్త కణాలు ఆ పక్కు కిందినుంచి దారి వెతుక్కుంటూ పోవాలి, తడిగా ఉంటే నేరుగా సాగిపోతాయి. ఈనాటికీ మన ఆస్పత్రుల్లో గాజ్ గుడ్డ పుండుకు అంటుకుని, కట్టు విప్పేటప్పుడు కొత్తగా పుట్టిన కండను పెకలించుకుని వస్తోంది. రోగి పడే ఆ బాధ తప్పించదగినది.

నేను పనిచేసే తీరు వేరు. తగినంత ఆమ్లత్వం ఉన్నప్పుడు నా అమైన్ గుంపులు ధనావేశం పొందుతాయి. బ్యాక్టీరియా పై పొర మీద ఋణావేశం ఉంటుంది. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, ఆ పట్టులో దాని పొర దెబ్బతింటుంది. విషాన్ని పుండులోకి వదలకుండా, నన్ను తాకినదాన్ని తాకిన చోటే అణచడం నా పద్ధతి. కారే రసిని కూడా నేను, నా తోడు పోగులు పీల్చుకుంటాం, కట్టు మార్చినప్పుడు అందులోని క్రిములు మాతోపాటే బయటికి పోతాయి. రక్తకణాల్ని ఇలాగే గుమిగూడేలా చేస్తాను కాబట్టి కైటోసాన్ కట్లను 2000ల తొలి ఏళ్ళనుంచి అమెరికా సైన్యం రక్తస్రావం ఆపడానికి వాడింది. అయితే రక్తం ఆపడం వేరు, మొండి పుండును మాన్పడం వేరు. మొదటిదానిలో వచ్చిన పేరు రెండోదానికి రుజువు కాదు.

ఇంత మెతక పద్ధతి దేనికి, వెండి కలిపితే సరిపోదా అని అడగవచ్చు. వెండి అయాన్లు చాలా రకాల బ్యాక్టీరియాను చంపుతాయి, అందులో సందేహం లేదు. కానీ 2009లో ప్రచురితమైన బ్రిటన్ పరీక్ష వల్కన్‌లో కాలి సిర పుండ్లున్న 213 మందిని రెండు జట్లు చేశారు. 12 వారాలకు వెండి కట్టు వేసినవారిలో 59.6 శాతం, వెండి లేని మామూలు కట్టు వేసినవారిలో 56.7 శాతం మందికి పుండ్లు మానాయి. ఆ తేడా లెక్కకు నిలిచేది కాదు. ఆ రోగులందరి పుండ్లూ క్రిములు సోకినవి కావుగదా అనే అభ్యంతరం న్యాయమైనదే. దాని అర్థం క్రిములు సోకిన పుండుకే వెండి పరిమితం కావాలని. 2012లో అంతర్జాతీయ నిపుణుల బృందం కూడా వెండి కట్టును రెండు వారాలు వాడి చూసి, ఫలితాన్ని మళ్ళీ అంచనా వేయమని చెప్పింది.

నా మీదే ఉన్న గట్టి అభ్యంతరం ఇంకొకటి. పీహెచ్ 6.5 దాటితే నా ఆవేశం సన్నగిల్లుతుంది, మానని పుండ్లేమో తరచు క్షారం వైపే మొగ్గుతాయి. అంటే నా అవసరం ఎక్కువగా ఉన్నచోటే నా శక్తి తక్కువ. దీనికి రసాయనవేత్తలు నా అమైన్ గుంపుల్ని చతుర్థక అమ్మోనియంగా మార్చి, పీహెచ్ ఎలా ఉన్నా ఆవేశం నిలిచేలా చేస్తున్నారు. అయితే మనిషి కణాల పైనా ఋణావేశం ఉంది. మార్పు మితిమీరితే నేనూ ఫ్లెమింగ్ చూసిన క్రిమినాశకంలాగే అవుతాను. కాబట్టి ప్రతి కొత్త పోగునూ బ్యాక్టీరియా మీద పరీక్షించినంత శ్రద్ధగా మనిషి చర్మకణాల మీదా పరీక్షించాలి. రొయ్యలు పడనివారి భయం సంగతికొస్తే, ఆ అలర్జీకి ముఖ్య కారణం కండలోని ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్. శుద్ధిచేసిన నాలో అది మిగలకూడదు, మిగల్లేదని పరీక్షించి చూపాల్సింది తయారీదారే.

ఇక ధర. పెంకు చౌక, శుద్ధి ఖరీదు. క్షారం, నీళ్ళు, వ్యర్థజలాల శుద్ధి, క్రిమిరహితం చేసే ప్రక్రియ అన్నీ కలిసి నన్ను గాజ్ గుడ్డ కన్నా ప్రియం చేస్తాయి. గామా కిరణాలతో క్రిమిరహితం చేస్తే నా అణువుల గొలుసులు తెగుతాయి కూడా. కానీ 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్ల మంది. వారిలో కాలి పుండు ముదిరి వేలో పాదమో తీసేయాల్సి వచ్చిన కుటుంబం భరించే ఖర్చు పక్కన కట్టు ధర చిన్నది. చక్కెరను అదుపులో ఉంచడం, చచ్చిన కండను తొలగించడం, కాలికి రక్తం అందేలా చూడడం, పాదం మీద బరువు తగ్గించడం లేకుండా నేనొక్కదాన్నే ఏ పుండునూ మాన్పలేను. ఆ పనులన్నీ జరిగే చోట నాకు స్థానం ఉంది. నన్ను కొనే ఆస్పత్రులకు నా విన్నపం ఒక్కటే: 99.9 శాతం అని రాసిన కాగితం చూసి నన్ను కొనకండి. ఎంతమంది రోగుల పుండ్లు, ఎన్ని వారాల్లో, ఏ మామూలు కట్టుతో పోల్చినప్పుడు మానాయో చూపమని నా తయారీదారుణ్ణి అడగండి.