సామానుకు సన్యాసం

మనిషి జీవితానికి పెద్దలు నాలుగు ఆశ్రమాలు చెప్పారు. తెలుగింటి సామానుకు మాత్రం మూడే. షాపులో అద్దాల వెనక ఉన్నంతకాలం బ్రహ్మచర్యం, హాల్లోకి వచ్చాక గృహస్థాశ్రమం, కాలు విరిగాక వానప్రస్థం. నాలుగోదైన సన్యాసం ఇప్పించడానికి ఇంటి యజమానికి మనసొప్పదు. అందుకే మూడు కాళ్ల ప్లాస్టిక్ కుర్చీ పెరట్లో బాదం చెట్టు కింద గోడకు చేరబడి, ఎవరూ కూర్చోరని తెలిసీ, ఏళ్ల తరబడి కొలువు తీరి ఉంటుంది. దాని చుట్టూ పగిలిన పూలకుండీ, స్కూటర్ టైరు, గట్టిపడిన పెయింటు డబ్బా, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన నాలుగు టైల్సు. అన్నిటికీ రక్షరేకు ఒకటే: "ఉండనీ, ఎప్పటికైనా పనికొస్తుంది." ఈ మాట నోట్లో ఉన్న మనిషి తన పెరడు తాను శుభ్రం చేసుకోలేడన్నది నా వాదన. ఆ పని తెలిసిన మనిషిని ఊళ్లోనే చూసి పిలవాలి, తగిన కూలి ఇవ్వాలి. మనం కొనేది అతని రెక్కల కష్టం ఒక్కటే కాదు. మన సామాను మీద అతనికి మమకారం లేకపోవడం కూడా.

"అంత దానికి మనిషెందుకు, ఆదివారం మేమే చేసుకుంటాం" అనేవాళ్లుంటారు. ఆ ఆదివారం ఎలా నడుస్తుందో తెలియనిది కాదు. తొమ్మిదింటికి తలకు తువ్వాలు చుట్టుకుని స్టూలెక్కుతారు. పదింటికి అటక మీంచి పదో తరగతి నోట్సు దిగుతుంది. పదకొండింటికి ఇల్లంతా దాని చుట్టూ చేరి చేతిరాత మెచ్చుకుంటుంది. ఒంటిగంటకు నోట్సుతో సహా అన్నీ తిరిగి పైకి పోతాయి. ఈసారి వరసగా సర్దారు కాబట్టి ఇంకో నాలుగు పట్టేంత చోటు కూడా మిగులుతుంది. పని ఆగిపోతే 'అటకెక్కింది' అంటాం. అటక శుభ్రం చేసే పని కూడా అటకే ఎక్కుతుందని ఆ నుడికారం పుట్టించినవాళ్లకు ముందే తెలుసేమో!

పోనీ, పెరడు చూద్దాం. గడ్డి పీకడానికి విద్యెందుకనేది తుంగను ఎరగనివాళ్ల మాట. పారతో పైపైన చెక్కితే సాయంత్రానికి పెరడు తిరుపతి వెళ్లొచ్చిన తలలా నున్నగా ఉంటుంది. మట్టి కింద మాత్రం తుంగ గడ్డలు సన్నటి వేళ్లతో ఒకదాన్నొకటి పట్టుకుని నిక్షేపంగా ఉంటాయి. వారం తిరక్కుండా మళ్లీ పచ్చగా తలెత్తుతాయి. పని తెలిసినవాడు ముందురోజు సాయంత్రం నేల తడిపి ఉంచమంటాడు. మర్నాడు గునపంతో మట్టి గుల్ల చేసి, వేళ్లతో తడిమి, నల్లటి గడ్డతో సహా లాగి తట్టలో వేస్తాడు. వయ్యారిభామనైతే పువ్వు విచ్చకముందే పీకాలంటాడు, ఒక్క మొక్కే వేల గింజలు రాలుస్తుంది గనక. పేరులో వయ్యారం చూసి ఒట్టి చేత్తో ముట్టుకుంటే కొందరికి ఒళ్లంతా దద్దుర్లు. అందుకే అతనికి చేతి తొడుగులు ఇచ్చే పూచీ పిలిచినవాళ్లదే. ఈ విద్యకు పట్టా లేదని కూలి తగ్గించమంటాం. పట్టాలున్న మనం పీకిన తుంగ మాత్రం వారానికే మొలిచింది.

"పన్ను కడుతున్నాం, మున్సిపాలిటీ ఎందుకుంది?" అన్నది ఇంకో అభ్యంతరం. పొద్దున్నే పాట పెట్టుకుని వచ్చే చెత్త ఆటో ఇంట్లో రోజూ పోగయ్యే తడిచెత్త, పొడిచెత్త కోసం వస్తుంది. దాంట్లోకి డబుల్ కాట్ పరుపు తోయడమంటే షేర్ ఆటోలోకి ఏనుగును ఎక్కించడమే. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు కూడా తోట చెత్తను విడిగా మన ఆవరణలోనే ఉంచి, స్థానిక సంస్థ చెప్పిన ప్రకారం వదిలించుకోమన్నాయి. వీధిలో పారేయొద్దనీ తగలబెట్టొద్దనీ అన్నాయి. చెత్తకు డబ్బు కట్టడం మనకెంత కంటగింపో చెప్పడానికి ఆంధ్రప్రదేశ్‌లో 2021లో వచ్చి 2024లో రద్దయిన చెత్త పన్ను చాలు. రోజువారీ చెత్త ఎత్తడం ప్రభుత్వం పనే అన్న వాదనలో న్యాయముంది. ఇరవై ఏళ్లు మనం ముద్దుచేసి పెంచిన చెత్తకు ఆ న్యాయం చెల్లదు. ఇక భోగి మంట ఉందిగా అంటారా? ఆ ఆచారం పెట్టినవాళ్ల ఇళ్లలో పాత సామానంటే కొయ్యా, తాటాకూ. మంటలో ప్లాస్టిక్ కుర్చీ వేస్తే పిల్లలకు భోగిపళ్లతో పాటు విషప్పొగ కూడా పోసినట్టే.

అసలు చిక్కంతా పాత సామాను కొనేవాళ్లు చేసిన అలవాటు. ఇనుము, ఇత్తడి, పాత పేపర్లు తూకం వేసి ఎదురు డబ్బిచ్చి పోతారు కాబట్టి, గేటు దాటే ప్రతి వస్తువూ మనకు నాలుగు రూపాయలు తెచ్చిపెట్టాలని మన లెక్క. ఉండకట్టిన దూది పరుపుకు, థర్మాకోలుకు, పగిలిన వాష్‌బేసినుకు కొనేవాడు లేడు. మోసుకెళ్లేవాడికి మనమే ఇవ్వాలి అనేసరికి ప్రాణం ఉసూరుమంటుంది. ఇవ్వకపోతే ఖర్చు తప్పుతుందా? వానాకాలం ఆ టైరులో నిలిచిన నీళ్లలో గుడ్డు దోమై ఎగరడానికి వారం పది రోజులు చాలు. డెంగీ వచ్చాక ఆసుపత్రి బిల్లు దగ్గర బేరమాడే ధైర్యం ఎవరికుంది?

గట్టి అభ్యంతరం ఒకటుంది: డబ్బు తీసుకుని అంతా తీసుకెళ్లి ఏ చెరువులోనో కుమ్మరిస్తే? నిజమే, అలా జరుగుతుంది. అలా జరిగేది ఎక్కువగా 'ఎంతకైనా సరే తీసుకుపో' అని అడ్డగోలుగా బేరం తెగ్గొట్టినచోటే. కూలి, ఆటో కిరాయి, పారబోతకు దూరం, ఈ మూడూ కలిపితేనే ధర. మూడోది మనం కోసేస్తే అతను చెరువు దగ్గర కోసేస్తాడు. హైదరాబాదులో కూల్చివేతల మట్టికి జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో రీసైక్లింగ్ ప్లాంట్లున్నాయి. అక్కడిదాకా వెళ్లేందుకు డీజిలుకు డబ్బు కావాలి. 'ఎంత తీసుకుంటావు' కన్నా ముందు 'ఎక్కడ పోస్తావు' అని అడగాలి, సగం డబ్బు పోసి వచ్చాక ఇవ్వాలి. అందుకే ఊళ్లోవాడు మేలంటాను. పెరటి చెట్టు మందుకు పనికిరాదని తీసిపారేస్తాం గానీ, రేపు అదే వీధిలో మన మొహం చూడాల్సినవాడు మన చెత్తకు సరైన చిరునామా వెతుకుతాడు.

ఇన్నీ ఒప్పుకుని మనిషిని పిలిచినా అసలు పరీక్ష చివర్లో ఉంటుంది. పెరడంతా తేటపడ్డాక అతను ఆ మూడు కాళ్ల కుర్చీని ఒంటిచేత్తో పైకెత్తి, "ఇది కూడా తీసెయ్యమంటారా అండీ?" అని అడుగుతాడు. "తీసెయ్ బాబూ" అన్నామా, కుర్చీకి సన్యాసం, మనకు కూలి గిట్టుబాటు. "ఒక్క నిమిషం, ఇలా చూడనీ" అన్నామా, అది మళ్లీ బాదం చెట్టు కిందికే. ఈసారి శుభ్రంగా తుడిచి మరీ.