అడ్డొచ్చిన అంతస్తు

ఆరుబయటి వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండ్ లింకుకు తీగ అక్కర్లేదు, ఎదురుగా ఖాళీ గాలి ఉంటే చాలు. సికింద్రాబాద్‌లో తీగలకు కొదవ లేదు, ఖాళీ గాలికే కరువు. 2025 ఆగస్టులో, ప్రాణాలు తీసిన కరెంటు ప్రమాదాల తర్వాత, జంట నగరాల్లో స్తంభాల మీది కేబుళ్లను కత్తిరిస్తే చాలా ఇళ్లలో నెట్ ఆగింది. తీగ మీద నమ్మకం పోయినవారికి మిగిలే దారి డాబా మీది డిష్.

బిగించడం తేలికే. నీళ్ల ట్యాంకు పక్కన జీఐ పైపు నిలబెట్టి, డిష్‌ను 2 కిలోమీటర్ల అవతలి డిష్ వైపు తిప్పుతారు. వాడేది సాధారణంగా 5.8 గిగాహెర్ట్జ్ బ్యాండ్. పవర్ పరిమితి దాటనంతవరకు దీనికి లైసెన్సు అడగరు. వచ్చిన కుర్రాడు ఒక కన్ను మూసి చూసి, "అవతలిది కనబడుతోంది సార్, పర్లేదు" అంటాడు.

తిరకాసంతా ఆ కనబడటంలోనే ఉంది. రేడియో తరంగం దారంలా సాగదు, దోసకాయలా నడుమ ఉబ్బుతుంది. ఆ ఉబ్బు పేరు ఫ్రెనెల్ జోన్. 1827లో కన్నుమూసిన ఫ్రెంచి శాస్త్రవేత్త ఫ్రెనెల్ వెలుతురు నడక మీద బుర్ర పెట్టాడే గానీ మారేడ్‌పల్లి డాబాల జోలికి రాలేదు. 2 కిలోమీటర్ల లింకుకు నడిమధ్య ఈ జోన్ వ్యాసార్థం సుమారు 5 మీటర్లు. అందులో 60 శాతం, అంటే 3 మీటర్లు, చూపు గీతకు అన్నివైపులా ఖాళీ ఉండాలి. 3 మీటర్లంటే బిల్డర్ లెక్కలో ఒక అంతస్తు. పిట్టగోడ అంచు ఆ గీతను తాకినా చాలు, అందాల్సిన శక్తిలో ముప్పావు వంతు పోతుంది. భవన నిబంధనలు రోడ్డుకు, పక్కింటికి సెట్‌బ్యాక్ అడుగుతాయి గానీ దోసకాయకు అడగవు. మధ్యలో ఏ డాబా మీదైనా పిల్లర్ చువ్వలు పైకి లేచి ఉంటే, అడ్డంకి బయానా పుచ్చుకున్నట్టే.

ఆ లెక్కన మౌలాలి గుట్ట మర్యాదస్తురాలు. ఎన్నేళ్లయినా అంగుళం పెరగదు. చెట్లకు ఆ నియమం లేదు. ఆకు రాలిన రోజుల్లో కుదిరిన లింకు చిగురు వేయగానే నీరసిస్తుంది. ఆకుల్లోని తేమ తరంగాన్ని తాగేస్తుంది, వానకు తడిస్తే మరీనూ. కస్టమర్ కేర్ మోడెమ్ ఆపి ఆన్ చేయమంటుంది. చెట్టుకు స్విచ్ ఎక్కడుందో చెప్పదు.

మందులు లేకపోలేదు. తక్కువ ఫ్రీక్వెన్సీ అడ్డంకుల అంచుల మీదుగా మరికాస్త వంగుతుంది. లైసెన్సు అక్కర్లేని 865 మెగాహెర్ట్జ్ బ్యాండ్ ఉంది, కాకపోతే అది ఇరుకు సందు, సినిమాలు మోయదు. 2023 సెప్టెంబర్‌లో హైదరాబాద్‌తో సహా 8 నగరాలకు వచ్చిన జియో ఎయిర్‌ఫైబర్ లాంటివి 5జీ టవర్ల మీద ఆధారపడి, గోడలకు తగిలి తిరిగొచ్చే సిగ్నళ్లను కూడా ఏరుకుంటాయి. అడ్డున్నా పనిచేస్తుందనే మాట నిజమే. ఎంత వేగంతో అన్నది టవర్ దూరాన్ని బట్టి, గోడల దయను బట్టి.

ఇవేవీ కుదరకపోతే మూడో భవనం ఎక్కాలి. దాని మీద రెండు డిష్‌లు వీపు వీపు ఆనించి పెడితే సిగ్నల్ పక్కదారిన వస్తుంది. ఇంజినీరింగ్ పని ఒక పూట. డాబా అద్దె, కరెంటు బిల్లు, మెట్ల తాళంచెవి ఎవరి దగ్గరుండాలన్న సంగతి మాత్రం అపార్ట్‌మెంట్ కమిటీ తదుపరి సమావేశానికి వాయిదా పడుతుంది.