బిరడాల కోడలు

మా ఇంట్లో నా కొత్త వృత్తికి ఇంకా పేరు కుదరలేదు. బంధువులొస్తే మా ఆయన "ఏదో కన్సల్టింగ్ అండీ" అని గొంతు తగ్గించి, వెంటనే కాఫీ సంగతి ఎత్తుతారు. మా అమ్మాయి కాలేజీలో "మా అమ్మ మేకర్" అని చెప్పుకుంటుందట. మా అత్తగారు మాత్రం ఉన్నదున్నట్టు "మా కోడలు బిరడాలు చేస్తుంది" అంటారు. ముగ్గురిలోనూ ఆవిడ మాటే నిజం.

అంతకు ముందు నేనొక ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిములు చూసేదాన్ని. వస్తువు నిజంగా విరిగిందా, దానంతటది విరిగిందా, ఎవరైనా విరగ్గొట్టారా అని నాలుగు రకాలుగా తరచి చూసి, చివరికి డబ్బు ఇవ్వక్కర్లేదని రాయడం నా ఉద్యోగం. ఆ పనిలోనే జుట్టు నెరిసింది. నలభై ఏడో ఏట మా విభాగాన్ని ఇంకో రాష్ట్రానికి తరలిస్తున్నాం, వస్తారా అన్నారు. రానన్నాను. ఇచ్చిన డబ్బు పుచ్చుకుని ఇంటికొచ్చాను. పచ్చళ్ళ వ్యాపారం, బ్లౌజుల డిజైనింగు, పిల్లలకు ట్యూషన్లు అంటూ ఈ వయసు ఆడవాళ్ళకి లోకం చూపించే దారులన్నీ నాకూ చూపించారు. కానీ నేనప్పటికే 'మల్లేశం' సినిమా చూసేసి ఉన్నాను.

చింతకింది మల్లేశం గారు ఆరో తరగతితో చదువాపేసిన మనిషి. ఒక్కో చీరకి తొమ్మిది వేల సార్లు చెయ్యి ఆడించి, నేతకి ముందు మేకుల చుట్టూ దారం తిప్పుతూ ఆసు పోసే తల్లి భుజం నొప్పి చూడలేక, ఏళ్ళ తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం పూర్తిచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. నేను లెక్కేసుకున్నాను. నాకు భుజం నొప్పి ఉన్న అత్తగారున్నారు, బ్యాంకులో కాస్త డబ్బుంది, పట్టుదలకి లోటు లేదు. ఆయనకుండి నాకు లేనిదల్లా పని రావడం ఒక్కటే. అదెంతసేపు అనుకున్నాను.

మా అమ్మాయి నన్ను రాయదుర్గంలోని టీ-వర్క్స్ చూడ్డానికి తీసుకెళ్ళింది. 2023 మార్చిలో తెరిచారు దాన్ని. 78 వేల చదరపు అడుగుల జాగాలో త్రీడీ ప్రింటర్లు, లేజరు కట్టర్లు, వెల్డింగు, వడ్రంగం అన్నీ ఒక్క కప్పు కిందే. అక్కడి యంత్రాల ముందు నేను నిలబడిపోయిన తీరు చూసి మా అమ్మాయి, "అమ్మా, పెళ్ళిచూపుల్లో నాన్నని కూడా ఇలాగే చూశావా?" అంది. లేదు. పెళ్ళిచూపుల్లో నేను తలెత్తలేదు.

ఇంటికొచ్చి మా ఆయనకి చరిత్ర చెప్పాను. అమెరికాలో ఎంఐటీ ప్రొఫెసరు నీల్ గెర్షెన్‌ఫెల్డ్ 1998లో, దాదాపు ఏ వస్తువునైనా సొంతంగా తయారుచేసుకోవడమెలాగో నేర్పే క్లాసు పెడితే ఇంజినీర్లు కాని వాళ్ళూ ఎగబడ్డారనీ, అలా ఎవరికి కావలసింది వాళ్ళు చేసుకునే ఫ్యాబ్ ల్యాబ్ అనే కార్ఖానా 2002లోనే పుణె దగ్గర పాబల్ అనే పల్లెకి వచ్చిందనీ, ప్లాస్టిక్ తీగ కరిగించి పొరలు పేర్చే పద్ధతి మీదున్న మూల పేటెంటు 2009లో తీరిపోవడంతో ప్రింటర్ల ధరలు దిగొచ్చాయనీ వివరించాను. ఆయన ఓపిగ్గా అంతా విని, "పాబల్ దాకా ఎందుకు, బాత్రూం గడియ ఊడి ఆర్నెల్లయింది" అన్నారు.

పాతిక వేల లోపు ప్రింటరొకటి కొన్నాను. అది పనిచేసే తీరు జంతికల గొట్టం తెలిసినవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. పిండికి బదులు 1.75 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ తీగ, చిల్లుకి బదులు 0.4 మిల్లీమీటర్ల ముక్కు. మొక్కజొన్న పిండిలాంటి వాటి నుంచి తీసే పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌ని 200 డిగ్రీల దగ్గర కరిగించి, 0.2 మిల్లీమీటర్ల పొరలుగా ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది. అంటే అయిదు సెంటీమీటర్ల ఎత్తున్న వస్తువుకి 250 పొరలు. మొదటి పొర పళ్ళేనికి అంటుకోవాలి, అసలు కిటుకంతా అక్కడే. ముక్కుకీ పళ్ళేనికీ మధ్య కాగితం పెట్టి లాగితే కాస్త రాపిడి తగలాలి. మరీ పట్టేయకూడదు, వదులుగానూ రాకూడదు. ఆ రాపిడి నా చేతికి తెలిసేసరికి ఇంట్లో ప్లాస్టిక్ పీచు పోగులు పడి, మా పనమ్మాయి జీతం పెంచమంది. పెంచాను.

మా అత్తగారిది లక్కబొమ్మలు చేసే ఏటికొప్పాక దగ్గరి ఊరు. ఆవిడ మిషను పక్కన కుర్చీ వేసుకుని చాలాసేపు చూశారు. "అమ్మాయ్, మా వైపు అంకుడు కర్ర మిషనుకి తగిలించి ఉలి ఆనిస్తే, చూస్తుండగానే లక్కపిడత దిగిపోతుంది. రంగు కూడా అక్కడికక్కడే. నీది పొద్దుటి నుంచి ఏం చేస్తోంది?" అన్నారు. వాళ్ళు కర్రలోంచి అక్కర్లేనిది తీసేస్తారు, నేను ఏమీ లేనిచోట కావలసింది పేరుస్తాను, అదీ తేడా అన్నాను. "ఏమీ లేదని మాత్రం తెలుస్తూనే ఉంది" అన్నారావిడ.

మొదట పెద్ద పని పెట్టుకున్నాను. కారులో ఫోను నిలబెట్టే స్టాండు. నెమలి పింఛం డిజైను, మా ఆయన పొడి అక్షరాలతో సహా. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మే నెలలో అద్దాలెత్తి ఎండలో నిలిపిన కారులో డ్యాష్‌బోర్డు ఎంత కాలుతుందో హైదరాబాదు వాళ్ళకి చెప్పక్కర్లేదు. సాయంత్రానికి నెమలి సాష్టాంగపడి ఉంది. నా పాత ఉద్యోగం ప్రకారం ఆ క్లెయిమును నేనే తిరస్కరించాను.

అసలు పని మా అత్తగారి గదిలోనే దొరికింది. ఫ్యాను రెగ్యులేటరు బిరడా విరిగి, ఆవిడ ఎన్నాళ్ళ నుంచో పట్టకారుతో తిప్పుకుంటున్నారు. నేను ఆసు యంత్రం గురించి కలలు కంటుంటే, పట్టకారు ఆవిడ దిండు కింద ఉంది. వెర్నియర్ కాలిపర్స్ పెట్టి కొలిచాను. లోపలి ఇరుసు మందం ఆరు మిల్లీమీటర్లు. పూర్తి గుండ్రం కాదు, ఒక పక్క చెక్కేసి, ఇంగ్లీషు డీ అక్షరంలా ఉంటుంది. బిరడాలో చిల్లు ఆరుకి ఆరే పెడితే ఇరుసు ఎక్కదు, ఎందుకంటే ప్రింటరు గీసే చిల్లు కాస్త ఇరుగ్గానే వస్తుంది. 6.2 పెట్టాలి. 6.4 అయితే వదులై తిరుగుతుంది కానీ ఫ్యాను తిరగదు. సుత్తీ ఉలీ పట్టే వాళ్ళకి చేతిలో ఉండే ఈ లెక్క నాకు కంప్యూటరు ముందు కూర్చుంటే గానీ రాలేదు.

బిగించాను. ఆవిడ ఒకటి నుంచి అయిదు దాకా, మళ్ళీ అయిదు నుంచి ఒకటి దాకా తిప్పారు. "ఆఁ, తిరుగుతోంది" అన్నారు. నా పాతికేళ్ళ అప్రైజళ్ళలో ఇంత మంచి రిమార్కు ఎవరూ రాయలేదు.

ఆ సాయంత్రం గుళ్ళో ఆవిడే ప్రచారం చేశారు. ఎదురింటి వాషింగ్ మిషను మీట, పైఫ్లోరు కిటికీ పరదా రాడ్డు కొన, టైలరుగారి మిషను చక్రం మూత, అన్నీ వచ్చాయి. కంపెనీలు అమ్మడం మానేసిన పాత మోడళ్ళకే గిరాకీ ఎక్కువ. బిరడాకి 80 రూపాయలు తీసుకుంటాను. దీంతో ఇల్లు గడవదు, కరెంటు బిల్లూ ప్లాస్టిక్ తీగ ఖర్చూ పోను నా చేతి ఖర్చులకి సరిపోతుంది. దీన్ని కెరీరు అనొచ్చా అని మా ఆయన అడుగుతూనే ఉన్నారు. అడుగుతున్నంతసేపూ ఆయన నేను చేసిన గడియ వేసుకునే స్నానం చేస్తున్నారు.

మీ ఇంట్లోనూ ఏదైనా విరిగితే ముక్కలు పారేయకండి. ఎంత చిన్నదైనా కవర్లో వేసి పట్టుకురండి, కొలత వాటి మీదే తీయాలి. కుక్కరు పిడి మాత్రం తేకండి, నా ప్లాస్టిక్ ఆ వేడికి ఆగదు.